దుబాయ్‌లో దూరంగా, హాంకాంగ్‌లో దగ్గరగా: ఎత్తైన బిల్డింగుల మధ్య మనిషిని ఫొటో తీయడం ఎలా

మా ఇంట్లో బీరువా మీద ఒక పాత ఆల్బమ్ ఉంటుంది. మా చిన్నబాపు దుబాయ్ నుంచి పంపిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. జగిత్యాల చుట్టుపక్కల ఇలాంటి ఆల్బమ్ లేని వాడకట్టు ఉండదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని చిన్నబాపు నిలబడి ఉంటాడు. వెనకాల ఏదో ఒక పెద్ద బిల్డింగ్. ఆయన మొహం బాగా వచ్చిన ఫొటోలో బిల్డింగ్ సగం దాకానే ఉంటుంది. బిల్డింగ్ మొత్తం వచ్చిన ఫొటోలో ఆయన గోరంత ఉంటాడు. చిన్నమ్మ ఆ రెండో రకం ఫొటోలను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో పట్టుకుని చూసేది.

ఫొటోలు తీయడమే నాకు బతుకుదెరువై పద్నాలుగేళ్లయింది. చాలా ఊళ్లు తిరిగాను గానీ దుబాయ్‌కీ హాంకాంగ్‌కీ మాత్రం మళ్లీ మళ్లీ వెళ్లాను. దానికి కారణం ఆ ఆల్బమే. అంత పెద్ద బిల్డింగూ, దాని కింద బతికే మనిషీ ఒకే ఫొటోలో సరిగ్గా పడాలంటే ఏం చేయాలి? దుబాయ్‌లో వెనక్కి నడవాలి. హాంకాంగ్‌లో లోపలికి దూరాలి. ఇన్ని ప్రయాణాల్లో నాకు దొరికిన జవాబు ఇదే. ఎవరైనా ఆ ఊళ్లకు కెమెరా పట్టుకుని వెళ్తున్నామంటే ముందు ఈ మాటే చెప్తాను, తర్వాతే మిగతావి.

వెళ్లే ముందు

రెండు ఊళ్లూ దాదాపు ఒకే ఎండ కింద ఉన్నాయి. దుబాయ్ 25 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, హాంకాంగ్ 22 మీద. సూర్యుడు పొద్దున తొందరగా పైకెక్కేస్తాడు, సాయంత్రం తొందరగా దిగిపోతాడు. పొద్దు గూకాక ఆకాశం ముదురు నీలంగా ఉండే సమయం ఇరవై నిమిషాలకు మించదు. మన హైదరాబాద్ వాళ్లకు ఇది అలవాటే. తేడా అంతా గాలిలో ఉంది. దుబాయ్ గాలిలో దుమ్ము, హాంకాంగ్ గాలిలో నీళ్లు. కాబట్టి దుబాయ్‌కి నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపల, హాంకాంగ్‌కి అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల వెళ్లండి. మార్చి, ఏప్రిల్‌లో హాంకాంగ్ వెళ్తే కొండలన్నీ మంచు మబ్బులో మునిగి రోజుల తరబడి ఏమీ కనబడకపోవచ్చు. హాంకాంగ్‌కి మన పాస్‌పోర్ట్ వాళ్లు ముందుగా ఆన్‌లైన్‌లో ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకుంటే 14 రోజుల దాకా ఉండొచ్చు.

సంచిలో రెండే లెన్సులు పెట్టుకోండి. ఒకటి దగ్గర నుంచే వెడల్పుగా చూపే 28 ఎంఎం, ఇంకొకటి దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా లాగే 85 ఎంఎం. మూడు రెట్లు జూమ్ ఉన్న ఫోన్ అయినా ఈ రెండు పనులూ చేస్తుంది. ట్రైపాడ్ నేను ఇంట్లోనే వదిలేస్తున్నాను. దుబాయ్‌లో పెద్ద మాల్స్ దగ్గర ట్రైపాడ్ తెరిస్తే సెక్యూరిటీ వాళ్లు వచ్చి వద్దంటారు. హాంకాంగ్ ఫుట్‌పాత్ మీద దాన్ని పెట్టేంత జాగా ఉండదు. గోడ మీదో రెయిలింగ్ మీదో మడిచిన తువ్వాలు వేసి దాని మీద కెమెరా ఆనించండి, చాలు.

రెండు జాగ్రత్తలు నేను నష్టపోయి నేర్చుకున్నవి. దుబాయ్‌లో మొదటిసారి బీచ్ దగ్గర గాలిలోనే లెన్స్ మార్చాను. మర్నాడు తీసిన ప్రతి ఆకాశంలోనూ ఆరేడు నల్లచుక్కలు వచ్చాయి. నాలుగు రోజుల ఫొటోల్లో ఒక్కొక్క చుక్కా కూర్చుని తుడుచుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి పొద్దునే గదిలో ఆ రోజుకు ఏ లెన్సో తేల్చుకుని, బయట మార్చడం మానేశాను. హాంకాంగ్‌లో దీనికి పూర్తిగా ఎదురు. ఏసీ గదిలో రాత్రంతా చల్లబడిన కెమెరాను తెల్లవారుజామున బయటికి తీయగానే అద్దం మీద ఆవిరి పట్టేసింది. తుడిచిన కొద్దీ మళ్లీ పట్టింది. అది పోయేసరికి నేను ఎదురుచూసిన వెలుతురు పోయింది. మీరు మాత్రం పడుకునే ముందే కెమెరాను జిప్ కవర్‌లో పెట్టి గట్టిగా మూసి, ఏసీ తగలని బాత్‌రూమ్‌లో ఉంచండి. బయటికి వెళ్లాక కూడా ఒక పావుగంట ఆగి కవర్ విప్పండి.

దుబాయ్‌: వెనక్కి నడవండి

బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. 2010 జనవరి 4న తెరిచారు. అక్కడికి వెళ్లినవాళ్లంతా చేసే పని ఒకటే. ఫౌంటెన్ దగ్గర టవర్ కిందే నిలబడి, ఫోన్‌ను ఆకాశంలోకి ఎత్తుతారు. టవర్ వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ముందు నిలబడ్డ మనిషి కాళ్లు పెద్దగా, తల చిన్నగా వస్తాయి. మన ఆల్బమ్ సమస్యే మళ్లీ.

ఒకటే మందు: దూరం. టవర్ నుంచి సుమారు మూడు కిలోమీటర్లు వెనక్కి వెళ్లండి. సఫా పార్కు వైపు, 2016లో తెరిచిన దుబాయ్ కాలువ గట్టు వెంట నడిస్తే ఆ దూరం దొరుకుతుంది. 85 ఎంఎం లెన్స్ పెట్టి కెమెరాను నిలువుగా పట్టుకోండి. అక్కడి నుంచి టవర్ మొత్తం, పైన కొంచెం ఆకాశంతో సహా, ఫ్రేములో కూర్చుంటుంది. ఇప్పుడు మనిషిని మీకు యాభై అడుగుల దూరంలో నిలబెట్టండి. కాళ్ల నుంచి తల దాకా ఆయన ఫ్రేములో నాలుగో వంతు ఉంటాడు. అపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ 16 పెట్టి మనిషి మీదే ఫోకస్ చేయండి. వెనక టవర్ కూడా స్పష్టంగానే వస్తుంది. ఈ చోటు నుంచి సాయంత్రం ఎండ మీ వెనక నుంచి పడుతుంది కాబట్టి మొహమూ టవరూ రెండూ వెలుగులో ఉంటాయి. పొద్దున వెళ్తే టవర్ నల్లటి నీడలా వస్తుంది. అదీ బాగుంటుంది గానీ ఇంటికి పంపే ఫొటోకి పనికిరాదు.

ఈ లెక్కను నేను మొదట పెట్టింది చిన్నబాపు మీదే. ఆయన రాడ్ బెండింగ్ పని. వారానికి ఒక్క రోజు సెలవు. ఆ రోజు తెల్లచొక్కా వేసుకుని, జేబులో దువ్వెన పెట్టుకుని వచ్చాడు. యాభై అడుగులు అవతల నిలబెట్టేసరికి ఆయనకు నమ్మకం కుదరలేదు.

"బిడ్డా, గంత దూరం కెల్లి నేను అవుపడ్తనా?"

"అవుపడ్తవ్ చిన్నబాపూ, కదలకు."

"బిల్డింగు నెత్తి కోసుకపోవద్దు మల్ల."

తీసి స్క్రీన్ మీద చూపించాను. కెమెరాను కళ్లజోడుకు ఆనించి చూశాడు. కాళ్ల దగ్గర చెప్పుల నుంచి టవర్ మొన దాకా వేలితో గీత గీసినట్టు చూసుకున్నాడు. "ఆఁ, గిప్పుడు మొత్తం పడ్డది" అన్నాడు. అదే రోజు దేరాలో ఒక స్టూడియోలో రెండు ప్రింట్లు వేయించాం. ఒకటి చిన్నమ్మకు, ఒకటి ఆయన రూములో మంచం పక్కన అంటించుకోవడానికి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. దుబాయ్‌లో తెలియని మనుషుల ఫొటోలు అడగకుండా తీయొద్దు. అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీసి వాళ్ల ఏకాంతానికి భంగం కలిగించడం అక్కడ నేరం. 2021 నాటి సైబర్ నేరాల చట్టంలో దానికి జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. ప్రభుత్వ భవనాలు, విమానాశ్రయ భద్రతా ప్రాంతాలు, సైన్యానికి సంబంధించిన చోట్ల వైపు కెమెరా ఎత్తకండి. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి. చట్టం సంగతి పక్కన పెట్టినా, పని బట్టల్లో బస్సు దిగుతున్న మనవాళ్లను దూరం నుంచి లెన్స్ పెట్టి లాక్కోవడం నాకు మనసొప్పదు. దగ్గరికెళ్లి "ఏ ఊరన్నా?" అని అడగండి. కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల, ఏదో ఒక పేరు వస్తుంది. కొన్నిసార్లు మాట్లాడాక ఆయనే చొక్కా సర్దుకుని నిలబడతాడు. తీసిన ఫొటో అక్కడికక్కడే ఆయన వాట్సాప్‌కి పంపండి. ఇంటి వాళ్లకు చేరాల్సింది ముందు అదే.

దుబాయ్‌లో నాకు అన్నింటికన్నా ఇష్టమైన చోటు క్రీక్. ఊరి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. ఒక గట్టు దేరా, రెండో గట్టు బర్ దుబాయ్. మధ్యలో అబ్రా అనే చెక్క పడవలు తిరుగుతాయి. ఛార్జీ ఒక్క దిర్హమ్. పడవ మధ్యలో ఒకే పొడుగాటి బల్ల ఉంటుంది. జనం ఒకరికొకరు వీపులు ఆనించుకుని, నీళ్ల వైపు మొహం పెట్టి కూర్చుంటారు. పడవ నడిపేవాడు నడుమ గుంటలో నిలబడి ఉంటాడు. అందుకని కూర్చున్న మనకు అతని చేతులు సరిగ్గా కంటి ఎత్తులో కనబడతాయి. గట్టు వదిలాక చెయ్యి చాస్తాడు. ఒక్కొక్కరూ అందులో దిర్హమ్ బిళ్ల పెడతారు. ఆ బిళ్ల మీద కాఫీ కూజా బొమ్మ ఉంటుంది. డీజిల్ మసితో నల్లబడ్డ అరచేతి గీతల్లో ఆ తెల్లటి బిళ్లలు, వాటి మీద పడే సాయంత్రపు ఎండ. నేను అడిగాను, హిందీలో. నవ్వి చెయ్యి అలాగే కాసేపు పట్టుకున్నాడు. 828 మీటర్ల టవర్ కన్నా దుబాయ్ గురించి ఎక్కువ చెప్పిన ఫొటో నా దగ్గర అదే.

క్రీక్ మీద ఎలా తీయాలంటే, సాయంత్రం దేరా గట్టున నిలబడండి. పొద్దు బర్ దుబాయ్ వైపు దిగుతుంది. పాత ఇళ్ల మీద గాలి కోసం కట్టిన గోపురాలు, మినార్లు నల్లటి అంచులుగా కనబడతాయి. వాటి ముందు అబ్రా దాటేటప్పుడు నొక్కండి. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే వెలుతురును సగానికి, తగ్గించండి. పడవలో కూర్చున్నవాళ్ల తలల మధ్య సందు కనబడినప్పుడే తీయండి. తలలు కలిసిపోతే అది మనుషుల్లా కాక మూటల్లా వస్తుంది. షట్టర్ వేగం 250కి, అంటే సెకనులో 250వ వంతుకి, తగ్గనివ్వకండి, పడవ ఊగుతుంది. దేరా గట్టు మీదే సరుకు దించే పెద్ద చెక్క ఓడలుంటాయి, టైర్లు, ఫ్రిజ్‌లు, బియ్యం బస్తాలు కుప్పలుగా. పొద్దునే వెళ్తే బాగుంటుంది.

ఇంకో చోటు రాస్ అల్ ఖోర్. ఊరి మధ్యలోనే ఉన్న చిత్తడి నేల అది, చలికాలం ఫ్లెమింగోలతో నిండిపోతుంది. మన పులికాట్‌కి వచ్చే జాతే. చాటు గదుల్లోంచి చూస్తే ముందు గులాబీ రంగు పిట్టలు, వెనక టవర్ల వరస. సాయంత్రం దుమ్ములో టవర్లు ఒకదాని వెనక ఒకటి పొరలు పొరలుగా, లేత బూడిద రంగులో కనబడతాయి. దుబాయ్ దుమ్ము మన ఫొటోకి మేలు చేసే ఒకే ఒక్క చోటు ఇదేనేమో. మూసే వేళ ముందే కనుక్కుని వెళ్లండి.

మధ్యాహ్నం మాత్రం కెమెరా లోపల పెట్టేయండి. వేసవిలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలే ఉంది. ఆ ఎండ ఎలాంటిదో దాన్ని బట్టే తెలుస్తుంది.

హాంకాంగ్‌: లోపలికి దూరండి

దుబాయ్ అలవాటుతో హాంకాంగ్‌లో వెనక్కి నడిస్తే నాలుగో అడుగుకే వీపు గోడకు తగులుతుంది. ఇక్కడ 85 ఎంఎం తీసి లోపల పెట్టండి. 28 పెట్టుకోండి. ఒక వైపు కొండ, ఒక వైపు సముద్రం, మధ్య ఉన్న కాస్త చదును మీద ఊరంతా నిలువుగా పెరిగింది. మనిషికి దగ్గరగా వెళ్తే చాలు, బిల్డింగులు వాటంతట అవే వెనక నిండిపోతాయి. ఎవరినీ నిలబెట్టక్కర్లేదు.

మొదటి రోజు పొద్దున్నే ట్రామ్ ఎక్కండి. 1904 నుంచి నడుస్తున్నాయి. రెండంతస్తులు, సన్నగా అగ్గిపెట్టెను నిలబెట్టినట్టుంటాయి. వాటి గంట చప్పుడును బట్టే జనం "డింగ్ డింగ్" అని పిలుస్తారు. వెనక తలుపు నుంచి ఎక్కాలి, దిగేటప్పుడు ముందు డబ్బులు కట్టాలి. పైకెక్కి అన్నిటికన్నా ముందు సీటు పట్టుకోండి. అది దొరక్కపోతే దిగి తర్వాతి ట్రామ్ ఎక్కండి, అంత విలువ ఉంది ఆ సీటుకి. కిటికీ అద్దం కిందికి దించుకోండి. అద్దం వెనక నుంచి తీస్తే మీ మొహమే వస్తుంది.

నార్త్ పాయింట్ అని రాసి ఉన్న ట్రామ్ చివరి మలుపు తిరిగి ఛున్ యంగ్ వీధిలోకి దూరుతుంది. ఆ వీధి పేరుకే వీధి, నిజానికి కూరగాయల, మాంసం, చేపల మార్కెట్. పట్టాల మీదే జనం. రెండు వైపులా దుకాణాలు పట్టాల అంచు దాకా వచ్చి ఉంటాయి. ట్రామ్ గంట కొడుతూ మెల్లగా వస్తుంటే, సంచులు పట్టుకున్న ముసలమ్మలు తల కూడా తిప్పకుండా ఒక్క అడుగు పక్కకు జరుగుతారు. ట్రామ్ పోగానే మళ్లీ కలిసిపోతారు, కాలువలో పడవ వెళ్లాక నీళ్లు కలిసినట్టు. పై అంతస్తు ముందు సీటులో కూర్చున్నవాళ్లకు ఇదంతా కాళ్ల కిందే జరుగుతుంది. ఆ ఒక్క వీధి కోసం నేను ఒకే పొద్దున ఐదుసార్లు అటూ ఇటూ తిరిగాను. కెమెరాను కిటికీ చట్రానికి ఆనించకండి, ట్రామ్ అదురు మొత్తం ఫొటోలోకి వస్తుంది. చేతిలోనే పట్టుకుని, ట్రామ్ ఆగిన క్షణంలో షట్టర్ 125లో తీయండి. కెమెరా వెలుతురును పట్టే శక్తిని చెప్పే ఐఎస్ఓ అంకె పెరిగినా ఫర్వాలేదు.

తర్వాత దిగి అదే వీధిలో నడవండి. దుకాణాల మీద వేలాడే ఎర్రటి దీపపు డొప్పలను చూస్తారు. మాంసం, చేపలు తాజాగా కనబడాలని ఆ ఎరుపు. కెమెరాను, రంగును తనంతట తానే సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్‌లో వదిలేస్తే ఒక ఫొటో ఎర్రగా, పక్క ఫొటో నీలంగా వస్తాయి. పగటి వెలుతురు మీద స్థిరంగా పెట్టేసి, రంగును తర్వాత సర్దుకోగలిగే రా ఫైల్‌లో తీయండి. ఎరుపును పూర్తిగా చంపొద్దు, ఆ వీధి రంగే అది. ఎవరైనా చెయ్యి ఊపి వద్దంటే వెంటనే కెమెరా దించండి. నేనైతే ముందు నాలుగు కమలాలు కొంటాను, "మ్ గోయ్" అంటాను. థాంక్స్ అన్నట్టు. ఆ రెండు అక్షరాలకు మొహాలు మెత్తబడతాయి.

రాత్రి నియాన్ బోర్డుల కోసం వెళ్లేవాళ్లకు ఒక బాధ కలిగించే మాట. పాత ఫొటోల్లో వీధి మొత్తం కప్పేసిన బోర్డులు ఇప్పుడు చాలా వరకు లేవు. భద్రతా నిబంధనల కింద వేలల్లో దించేశారు, కొన్ని చోట్ల ఎల్ఈడీలు వచ్చాయి. 2021లో తెరిచిన ఎం ప్లస్ మ్యూజియం కొన్నింటిని సేకరించి దాచింది. వీధుల్లో ఇంకా దొరికేవాటిలో తాకట్టు దుకాణాల బోర్డులుంటాయి, గబ్బిలం నాణేన్ని పట్టుకున్నట్టుండే ఆకారం. కనబడితే వదలకండి. ఆకాశంలో నీలం ఉండగానే తీయాలి. బాగా చీకటి పడితే గొట్టం తెల్లగా మండిపోయి రంగు పోతుంది. షట్టర్ 50 దగ్గర ఉంచండి. అంతకన్నా వేగంగా పెడితే కరెంటు మినుకు వల్ల సగం గొట్టం ఆరిపోయినట్టు వస్తుంది.

ఆఫీసులుండే సెంట్రల్ పేట నుంచి కొండ మీది ఇళ్లకు వెళ్లే ఎస్కలేటర్ల వరస 800 మీటర్లకు పైగా ఉంటుంది. 1993లో కట్టారు. పొద్దున ఆరు నుంచి పది దాకా కిందికి, ఆ తర్వాత పైకి నడుస్తుంది. పొద్దున ఎనిమిదికి పక్కన మెట్ల మీద నిలబడితే ఆఫీసులకు దిగే జనం మీ ముందు నుంచి వరసగా వెళ్తారు. హార్బర్ దాటించే పడవ స్టార్ ఫెర్రీ గురించి అందరూ చెప్తారు, నిజంగానే ఎక్కాలి. సాయంత్రం సిమ్ షా ట్సుయి గట్టు నుంచి సెంట్రల్ వైపు వెళ్లండి. ఊరంతా కనబడే పీక్ అనే కొండ మీద జనం తోపులాటలో నిలబడకుండా లుగార్డ్ రోడ్ వెంట పావుగంట నడిస్తే అదే దృశ్యం ప్రశాంతంగా దొరుకుతుంది. క్వారీ బేలో ఐదు బిల్డింగులు కలిసిపోయిన ఆ ప్రసిద్ధ ముంగిలికి మాత్రం నేను వెళ్లను. అక్కడ ఉండేవాళ్లు ఫొటోలు వద్దని బోర్డు పెట్టుకున్నారు. వాళ్ల బట్టలు ఆరేసుకునే చోటది.

తిరిగొచ్చాక

రెండు ఊళ్ల ఫొటోలూ ఒకేసారి చూడకండి, ఒక వారం ఆగండి. తర్వాత ఒక్కో ఊరివి పన్నెండు మాత్రమే ఉంచుకుని చిన్న ప్రింట్లు వేయించండి. నేల మీద పరిచి జతలు కట్టండి. దుబాయ్‌లో ఒక మనిషి చుట్టూ ఎంత ఖాళీ ఉందో, హాంకాంగ్‌లో ఒక మనిషికి ఎంత ఖాళీ దొరికిందో పక్కపక్కన పెట్టి చూడండి. ఏ ఫొటోలో మనిషి లేకపోయినా ఇబ్బందిగా అనిపించలేదో దాన్ని తీసేయండి. నేనైతే అలాగే తీసేస్తాను. పీక్ మీద తీసిన రాత్రి దృశ్యాలన్నీ అలాగే పోయాయి.

మొన్న చిన్నబాపు సెలవు మీద వచ్చినప్పుడు ఆ ఇరవై నాలుగూ చాప మీద పరిచాను. అబ్రా ఫొటో చూసి తల ఊపాడు. ట్రామ్ మార్కెట్ చూసి "గిండ్ల కెల్లి రైలెట్ల పోతది" అని ఆశ్చర్యపోయాడు. తర్వాత ఒక ఫొటో దగ్గర ఆగిపోయాడు. హాంకాంగ్‌లో ఒక పాత బిల్డింగ్ చుట్టూ వెదురు పరంజా కట్టి ఉంది, కింద పండ్ల బండి. నేను తీసింది బండిని, దాని పక్కన గొడుగు పట్టుకున్న అమ్మాయిని. 2025 నుంచి అక్కడి ప్రభుత్వ పనుల్లో ఇనుప పరంజాకు మారుస్తున్నారు కాబట్టి వెదురు కనబడితే నేను తీస్తూనే ఉంటాను.

"గిది వెదురేనా బిడ్డా? మా కాడ అంత ఇనుప పైపులే. గీ ముడి దేంతోటి కట్టిన్రు?"

ప్లాస్టిక్ పట్టీలతో అని చెప్పాను. ఆయన ప్రింట్‌ను లేపి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో పట్టుకున్నాడు. పైన మూల మీద వేలు పెట్టాడు.

"గీడ మనిషున్నడు. సూసినవా? బెల్టు ఏస్కున్నడు, మంచిగున్నది."

నేను చూడలేదు. మూడో అంతస్తు దగ్గర, వెదురు గడల సందులో, ముడి బిగిస్తూ ఒకతను ఉన్నాడు. ఆ రాత్రే అసలు ఫైల్ తెరిచాను. అమ్మాయినీ గొడుగునూ అలాగే ఉంచి, పై మూల కనబడేలా ఫ్రేమ్‌ను కొత్తగా కత్తిరించి, పెద్ద ప్రింట్‌కి ఇచ్చాను.